పది లక్షల్లో నలభై ఒకటి

మే 11, 2005, బుధవారం

ఈ డైరీ పురుగుమందుల షాపాయన జనవరిలో ఇచ్చాడు. ప్రతి పేజీ కిందా ఒక మందు పేరు, దాని పక్కన వెల్లకిలా పడిన పురుగు బొమ్మ. నేను చేసే పనికి ఇంతకంటే తగిన డైరీ ఎక్కడా దొరకదు. ఇన్నాళ్లూ తెరవలేదు. ఇవాళ ఎవరితోనైనా పోట్లాడాలనిపించింది. ఎవరూ దొరక్క దీన్ని తెరిచాను.

కరెంటు పొద్దున తొమ్మిదికి పోయి రెండింటికి వచ్చింది. లాబులో థర్మామీటరు నలభై రెండు చూపిస్తోంది. రక్తంలోంచి తీసిన డీఎన్ఏని ఆరబెట్టే నైట్రోజన్ సిలిండర్ అయిపోయి పన్నెండు రోజులు. ఫోన్ చేస్తే రోజూ అదే గొంతు, "రేపొచ్చేస్తదండీ". నలభై మంది రక్తంలో పన్నెండు మందిది ఏప్రిల్లో చేసేశాను. ఇరవై ఎనిమిది ఇంకా ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. కొలిచే యంత్రం హైదరాబాదులో ఉంది. అక్కడ నాకిచ్చిన తేదీ మే 24. అది తప్పితే మళ్లీ ఎప్పుడిస్తారో దేవుడికే తెలియాలి. నవంబరులో మా సార్ రాధాకృష్ణమూర్తి గారు రిటైరవుతారు. ఆలోపు నా పీహెచ్‌డీ పూర్తి కాకపోతే ఈ ఆరేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే.

సాయంత్రం పక్కింటావిడ గోడ మీద నుంచి అడిగింది. "ఏమ్మా రాజేశ్వరీ, ఇన్నేళ్ల నుంచీ ఏం చదువుతున్నావు?" ఓపిగ్గా చెప్పాను. మిరపకీ పత్తికీ మందు కొట్టేవాళ్ల ఒంట్లో డీఎన్ఏ ఎంత చెడిందో కొలుస్తానండీ. అందులో గ్వానిన్ అని ఒక ముక్క ఉంటుంది. దానికి ఒక ఆక్సిజన్ వచ్చి అంటుకుంటే చెడినట్టు. బరువు పదహారు పెరుగుతుంది. ఆ పదహారు తేడాని పట్టుకునే తూకం యంత్రం ఉంది, మాస్ స్పెక్ట్రోమీటర్ అంటారు. 

"అంటే ఇనుముకి తుప్పు పట్టినట్టా?" అంది.

అచ్చం అంతే. నేను థీసిస్‌లో నాలుగు పేజీలు రాసిన సంగతి ఆవిడ నాలుగు మాటల్లో తేల్చేసింది.

మే 13

సిలిండర్ రాలేదు. సార్‌కి చెప్పాను. "సరే, కానీ" అన్నారు. టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాను. ఆరింది కదా.

మే 14

ఇవాళా ఫ్యానే. పద్నాలుగు గొట్టాలు. ఆరబెట్టేది నీళ్లు పోవడానికి. నీళ్లు పోయాయి. మూత తీసి ఉంచిన గొట్టాల మీదికి గదిలో గాలంతా వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. మిర్చి యార్డు ఘాటు కిటికీలోంచి వచ్చి రెండుసార్లు తుమ్మాను. గొట్టాల వైపు కాదు.

మే 25

గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని వెళ్లి, అలాగే ఖాళీ డబ్బాతో తిరిగొచ్చాను. ఒళ్లంతా నొప్పులు. సంతోషం వల్ల తెలియడం లేదు.

మందు కొట్టేవాళ్ల సగటు ఇరవై ఎనిమిది. పోల్చడానికి తీసుకున్న ఇరవై మంది కొట్టనివాళ్లది ఆరు. నాలుగు రెట్లకు పైన! పది లక్షల గ్వానిన్లలో చెడినవి ఎన్ని అన్నది ఈ అంకె. నేను కలగన్నది రెండు రెట్లే.

యంత్రం నడిపే నసీమున్నీసా గారు మితభాషి. కాగితం మీద అంకెలు వరసగా వస్తుంటే, "చాలా పెద్దగా ఉన్నాయి మీవి" అంది.

"మా వైపు మందులు అలా కొడతారండీ" అన్నాను.

"ఊఁ" అని, ఒక అంకె కింద పెన్సిల్‌తో గీత గీసింది. ఎందుకు గీసిందో నేను అడగలేదు. రైలుకి టైమవుతోంది.

సార్ లక్నో మీటింగ్‌కి సారాంశం పంపిద్దామన్నారు. ఆయన నవ్వగా చూసి ఏడాదైంది.

జూన్ 5, ఆదివారం

ఈదరవారిపాలెం వెళ్లొచ్చాను. నా నలభై మందీ ఆ ఊరివాళ్లే. కిందటి నవంబరులో, పత్తి మీద మందు ముమ్మరంగా కొట్టే రోజుల్లో రక్తం తీస్తుంటే యలమందయ్య గారు షరతు పెట్టాడు. "మా రక్తం మీరు పట్టకపోతారు, బానే ఉంది. మాకేం చెబుతారమ్మాయ్?" ఎవరి అంకె వాళ్లకిస్తానని మాటిచ్చాను.

ఇచ్చాను. మనిషికో చీటీ. పేరు, వయసు, లావు అక్షరాల్లో అంకె. దాని కింద, పది లక్షల గ్వానిన్లకి అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో. స్కూలు వరండాలో ఒక్కొక్కరి పేరూ పిలిచి పైకి చదివాను. వాళ్లే చదవమన్నారు. చదివేటప్పుడు నాక్కూడా బాగుంది, ఎందుకు దాచాలి.

యలమందయ్య గారి కొడుకు బాలుది అందరికంటే ఎక్కువ. నలభై ఒకటి.

"ఒరేయ్ బాలూ, పదో తరగతిలో ఏనాడన్నా ఫస్టొచ్చావంట్రా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఒకటే నవ్వులు. బాలు కాలర్ ఎగరేసి మరీ వచ్చి చీటీ తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్లవాడు, శ్రావణంలో పెళ్లి. కనిగిరి వైపు సంబంధం. తాంబూలాలు కూడా అయిపోయాయి.

యలమందయ్య గారిది తొమ్మిది. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముప్పయ్యేళ్లుగా కొడతన్నా, నాకు తొమ్మిదేనా? నాలుగేళ్లు కొట్టినోడికి నలభై ఒకటా? ఇదేం లెక్కమ్మాయ్?"

"పెద్దవాళ్ల ఒళ్లు మందుకి అలవాటు పడిపోతుందండీ" అన్నాను. ఆ సంగతి నేనెక్కడా చదవలేదు. నోట్లోంచి వచ్చేసింది. చెప్పాక మాత్రం నిజమే అనిపించింది.

జూన్ 6

అలవాటు పడే అవకాశం ఉంది. లేకపోలేదు.

జూన్ 20, సోమవారం

బాలు వాళ్లమ్మ వెంకటరావమ్మ గారు లాబుకి వచ్చింది. పదిన్నర బస్సుకి దిగి, ఎండలో దారి అడుగుతూ వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చీటీ నా బల్ల మీద పెట్టి, దాని మీద వేలు పెట్టింది.

"మా ఇంటి మీద రాయేసింది నువ్వేగా అమ్మాయ్?"

జరిగింది ఇది. బాలు ఆ చీటీ పట్టుకుని కనిగిరి దగ్గర కాబోయే మామగారింటికి వెళ్లాడు. ఊళ్లో తనే ఫస్టని గొప్పగా చూపించాడు. ఆ మామగారు బాపయ్య గారికి కాగితమంటే చాదస్తం. మూడేళ్ల క్రితం నకిలీ పత్తి విత్తనం వేసి చేనంతా దున్నేసుకున్నాడట. అప్పటి నుంచి ఏ విత్తనం కొన్నా వంద గింజలు తడి గోనెలో చుట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెడితే గానీ చేలోకి తీసుకెళ్లడు. ఆ కళ్లతోనే నా చీటీ చూశాడు.

"వందలో నలభై ఒకటి పుచ్చు గింజలైతే ఆ విత్తనం చేలోనే వెయ్యను, అట్టాంటిది పిల్లనెట్టా ఇస్తానన్నాడంట. తాంబూలాలు తిప్పి పంపాడు." ఆవిడ చీటీని నా వైపు నెట్టింది. "వాడు అన్నం తిని నాలుగు రోజులైంది."

నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఓస్ ఇంతేనా అని. "వందలో కాదండీ, పది లక్షల్లో నలభై ఒకటి."

"ఆ సంగతి కాగితం మీద రాయలేదేం?"

"రాశానండీ, ఇదిగో."

"ఏ భాషలో రాశావు?"

ఆవిడ చీటీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఈ ఆరేళ్లలో ఇంత సిగ్గుపడిన రోజు లేదు.

జూన్ 21

ఆయన తప్పుగా చదివాడు. తప్పు చదవడంలో ఉంది. అంకెలో లేదు.

జూన్ 22

అంకెలో లేదు.

జూన్ 25, శనివారం

కనిగిరి వెళ్లాను. ఒంగోలులో బస్సు మారి, చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీల వెనక గంటసేపు ఆగి, ఊరు చేరేసరికి ఒంటిగంట.

బాపయ్య గారు మర్యాదస్తుడు. మజ్జిగ ఇప్పించాడు. వరండాలో గోనె పట్టా పరిచి గింజలు లెక్కపెడుతున్నాడు, మొలిచినవి ఒక పక్క, మొలవనివి ఒక పక్క. నేను చెప్పిందంతా విన్నాడు. పది లక్షలంటే ఎన్ని బస్తాల గింజలో నోటితో లెక్కేశాడు. మొహం కొంచెం తేటపడింది. హమ్మయ్య అనుకున్నాను.

"అయితే మేడం గారూ, మందు కొట్టనోళ్లకి ఎంతొచ్చింది?"

"ఆరు."

"ఆరెక్కడ, నలభై ఒకటెక్కడ? పది లక్షల్లో గానీ కోటిలో గానీ, ఏడు రెట్లు ఏడు రెట్లేగా?"

కాదనలేను. ఆ లెక్క మీదే నా థీసిస్ నిలబడి ఉంది.

"పోనీ ఒక్కటి చెప్పండి. ఈ కాగితం తప్పా?"

"కాగితం తప్పు కాదండీ. కానీ..."

"తప్పు కానప్పుడు కానీలు దేనికమ్మా? మీరేం అనుకోబాకండి. నిప్పు లేందే పొగ రాదు. ఒకసారి చెడ్డ విత్తనం వేసినోణ్ని."

తిరిగి వచ్చేటప్పుడు పెళ్లికూతురు శ్రీరమ్య గేటు దాకా వచ్చింది. డిగ్రీ రెండో ఏడుతో ఆపేసిన పిల్ల, సన్నగా, చురుగ్గా ఉంది. "ఆ యంత్రం తప్పు చెప్పదా మేడం?" అని మెల్లిగా అడిగింది.

"యంత్రం తప్పు చెప్పదమ్మా" అన్నాను.

ఆ పిల్ల తలూపి లోపలికి వెళ్లిపోయింది. బస్సులో దారంతా ఆ తలూపడమే కనిపించింది.

జూన్ 28

నసీమున్నీసా గారు ఫోన్ చేసింది. ఆవిడ తనంతట తను ఫోన్ చేసే మనిషి కాదు.

"మీ గొట్టాల మీద తేదీలుంటాయి కదా. ఊరికే, తేదీల వరసలో పెట్టి చూశాను. మీరూ ఒకసారి పెట్టి చూడండి."

"ఎందుకండీ? తేదీలతో ఏం పని? ఎండాకాలమే కదా అంతా" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ అడగని సిలిండర్ సంగతి కూడా చెప్పేశాను.

ఆవిడ "చూడండి" అని పెట్టేసింది.

జూన్ 29

తేదీల వరసలో పెట్టలేదు. పని ఉంది.

జూలై 1

అమ్మకి జ్వరం. పెట్టలేదు.

జూలై 2

అమ్మకి నిన్ననే తగ్గింది.

జూలై 4, సోమవారం

పెట్టాను.

జనవరిలో చేసినవి, కొట్టనివాళ్లవి: ఆరు, ఐదు, ఏడు, ఆరు. ఏప్రిల్లో చేసినవి, యలమందయ్య గారూ మిగతా పెద్దవాళ్లూ: తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది. మే పదమూడు నుంచి: ముప్పై మూడు, ముప్పై ఎనిమిది, నలభై ఒకటి.

ఎన్నేళ్లు మందు కొట్టాడన్నదానికీ అంకెకీ సంబంధమే లేదు. ఏ రోజు నా బల్ల మీద ఆరాడన్నదే లెక్క. పెద్దవాళ్ల రక్తం ముందు తీశాం కాబట్టి ముందు చేశాను. కుర్రవాళ్లది ఫ్యాన్ కింద పడింది.

నాకు తెలుసు. మే పదమూడున కూడా తెలుసు. నైట్రోజన్ పెట్టేదే గాలి తగలకుండా ఉండడానికి. ఆక్సిజన్ అంటుకుందా లేదా అని కొలవడానికి బయల్దేరి, నలభై రెండు డిగ్రీల ఎండలో ఫ్యాన్ పెట్టి మరీ ఆక్సిజన్ విసిరాను. బాలు ఒంట్లో లేని తుప్పుని నా చేత్తో పట్టించి, దాన్ని చదివి వినిపించి, చప్పట్లు కొట్టించాను.

ఇంకా ఒక దారుంది. ఇది అనుమానమే, రుజువు లేదు. అలా అనుకుని మానేయొచ్చు. సార్ నవంబరులో రిటైరవుతారు. లక్నో వాళ్లు సారాంశం తీసుకున్నారు కూడా.

జూలై 6

ఇవాళ ఏమీ రాయను.

జూలై 8, శుక్రవారం

నా రక్తమే తీసుకున్నాను. రెండు గొట్టాలు. ఒకటి ఐసు మీద, నైట్రోజన్ కింద, మూత పెట్టి, మధ్యలో తుప్పు పట్టకుండా వేసే మందు వేసి. రెండోది మేలో చేసినట్టే. గదిలో ఇప్పుడు అంత వేడి లేదు. అందుకని ఆ గొట్టాన్ని నలభై రెండు డిగ్రీల నీళ్లలో నిలబెట్టి, పైన అదే ఫ్యాన్. 

నేను ఏనాడూ మందు కొట్టలేదు. మా ఇంట్లో తులసి మొక్కకి చీడ పడితే కూడా అమ్మ వేపాకు నీళ్లే చల్లుతుంది.

జూలై 12, మంగళవారం

ఒకటి: 3.1. రెండోది: 37.

అదే రక్తం, అదే రోజు, అదే చెయ్యి.

నసీమున్నీసా గారు చాయ్ తెప్పించింది. "నేనూ ఒకసారి చేశాను ఇట్లాంటిది. ఆరు నెలలు ఎవరికీ చెప్పలే. మీరు రెండు వారాల్లో కనుక్కున్నారు" అంది. తర్వాత, "మిగతావి తీసుకొచ్చెయ్యండి. ఆదివారాలు యంత్రం ఖాళీగనే ఉంటది. నేనొస్తా" అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆవిడకి ఇలాంటివి నచ్చవనుకుంటా, చాయ్ చల్లారిపోతుందని చెప్పింది.

జూలై 14

సార్‌కి చెప్పాను. రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసి ముందు పెట్టాను. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. కళ్లజోడు తీసి చాలాసేపు ఆ కాగితాన్నే చూశారు.

"సిలిండర్ లేదని నువ్వు నాకు చెప్పావు కదూ?"

"చెప్పాను సార్."

"కానీ అన్నది నేనే కదూ?"

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"లక్నోకి నేను ఉత్తరం రాస్తాను. సారాంశం వెనక్కి తీసుకుంటున్నాం, మా పద్ధతిలో లోపం ఉంది అని." తర్వాత అడిగారు, "రక్తం ఏమన్నా మిగిలిందా?"

"ప్రతి ఒక్కరిదీ సగం ఫ్రీజర్‌లో ఉంచాను సార్. కొట్టనివాళ్లది కూడా."

"మరి ఏడుపు మొహం దేనికమ్మా? మళ్లీ చెయ్యి. అందరివీ కలిపేసెయ్. ఏది ఎవరిదో నీకు తెలియకుండా నేను నంబర్లు వేస్తాను."

అరవై గొట్టాల మీద పేర్లు దాచి నంబర్లు అంటించారు, అద్దాలు ముక్కు మీదికి జారిపోతుంటే. రిటైరయ్యే మనిషి. నాకీ సార్ మీద ఇంత ప్రేమ ఉందని ఇవాళే తెలిసింది.

జూలై 25

నిన్నటి ఆదివారంతో అన్నీ అయ్యాయి. సార్ పేర్లు విప్పారు.

మందు కొట్టనివాళ్లు 3.2. కొట్టేవాళ్లు 4.9. బాలు 4.1. యలమందయ్య గారు 6.3. ముప్పయ్యేళ్ల లెక్క ముప్పయ్యేళ్లకే వచ్చింది.

తేడా ఉంది. నాలుగు రెట్లు కాదు, ఒకటిన్నర రెట్లు. చిన్నదే, కానీ నిజం. నా ఆరేళ్లలో మొదటి నిజం. ఇంతకంటే పెద్ద అంకెకి కూడా నాకింత సంతోషం కలగలేదు.

జూలై 31, ఆదివారం

ఈదరవారిపాలెం. అదే స్కూలు వరండా. నిలబడి చెప్పాను. ఫ్యాన్ సంగతి, ఎండ సంగతి, నా రక్తం రెండు అంకెలు, అన్నీ.

యలమందయ్య గారు నిదానంగా అన్నాడు. "అంటే మా రక్తం బానే ఉంది, నీ ఫ్యానే బాలేదంటావు."

"అవునండీ."

"ఆ ఫ్యానేదో ఇక్కడికి పంపు మేడం, ఉక్కపోసి చస్తన్నాం" అని ఒకతను. నవ్వారు. నేనూ నవ్వబోయాను. వెంకటరావమ్మ గారు నవ్వలేదు.

ఈసారి పేర్లు పిలవలేదు. చీటీ మడిచి ఎవరి చేతికి వాళ్లకిచ్చాను. పది లక్షల్లో ఇన్ని అని తెలుగులో, లావు అక్షరాల్లో రాశాను. మిగిలిన తేడా మాత్రం నిజమేనని, అది మందు వల్లే అనుకుంటున్నానని చెప్పాను. గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దని, ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పాను. కొట్టడం ఆపిన నెలల్లో ఒళ్లు చాలావరకు తనే బాగుచేసుకుంటుందని కూడా చెప్పాను. ఆ మాటకి అందరూ తలెత్తారు. "బాగుచేసుకుంటదా?" అని యలమందయ్య గారు రెండుసార్లు అడిగాడు. దీన్ని మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

అంతా వెళ్లాక వెంకటరావమ్మ గారు దగ్గరికొచ్చింది. "ఇక్కడ చెబితే ఏం లాభం? చెప్పాల్సిన గడప వేరే ఉంది." 

ఆగస్టు 3, బుధవారం

చెప్పాల్సిన గడపకి వెళ్లాను. 

బాపయ్య గారు కొత్త చీటీ చదివాడు. 4.1. పక్కన పెట్టి, పాత అంకె రాసిన చీటీ పెట్టెలోంచి తెచ్చి దాని పక్కన పెట్టాడు. బాలు చూపించిన రోజునే నకలు రాసుకున్నాడట.

"మేడం గారూ, మొన్న ఇదే వరండాలో కాగితం తప్పు కాదన్నారు. ఇయ్యాళ తప్పంటన్నారు. రేపు ఇది కూడా తప్పంటే?"

అడగాల్సిన ప్రశ్నే. నా దగ్గరున్నది ఒక్కటే, నా రక్తం కాగితం. 3.1, 37. అది ఇచ్చాను. చేసిందంతా దాచకుండా చెప్పాను. మే నెలలో నాకు అనుమానం ఉండి కూడా ఊరుకున్నానని చెప్పాను. ఇది సార్‌కి కూడా చెప్పలేదు.

ఆయన చాలాసేపు గోనె పట్టా వంక చూశాడు. "ఆ నకిలీ విత్తనం అమ్మినోళ్లు మూడేళ్లయినా నా గడప తొక్కలేదు. తప్పైందని ఒక్కడూ అనలేదు. మీరొచ్చారు." తర్వాత తల అడ్డంగా ఊపాడు. "అయినా ఆషాఢం. ఇప్పుడేం మాట్లాడను."

అప్పుడు లోపలి నుంచి శ్రీరమ్య వచ్చింది. నా ఎదురుగా కూర్చుని చెయ్యి చాచింది.

"నాది తియ్యండి మేడం."

"నీదెందుకే?" అన్నాడు బాపయ్య గారు.

"నాలుగేళ్ల నుంచీ చేలో మందు కలిపేది నేను కాదా నాన్నా? డ్రమ్ములో చెయ్యి పెట్టి కలిపాను. నా కాగితం వాళ్లెవరన్నా అడిగారా?"

నేను రక్తం తీశాను. తీస్తున్నంతసేపూ ఆ పిల్ల వాళ్ల నాన్న మొహంలోకే చూసింది. ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

ఆగస్టు 11

శ్రీరమ్యది 5.8. రెండుసార్లు చేశాను. 5.8, 5.7.

బాలు కంటే ఎక్కువ. ఇదేం గోరుచుట్టు మీద రోకటి పోటు. ఈ అంకె వెంకటరావమ్మ గారికి తెలిస్తే? కోపం చల్లారని మనిషి. అన్న మాటకి మాట అప్పజెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

3.9 అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? నసీమున్నీసా గారికి పేరు కూడా తెలియదు.

రాయను. రాయనని తెలిసి కూడా ఆ అంకె పెన్సిల్‌తో రాసి చూసుకున్నాను. చెరిపేశాను.

ఆగస్టు 14, ఆదివారం

శ్రావణం వచ్చింది. బాపయ్య గారు కబురు పెడితే కనిగిరి వెళ్లాను, వెంకటరావమ్మ గారు, బాలు కూడా వచ్చారు. యలమందయ్య గారు చేలో పని వదులుకోలేక రాలేదు. వాళ్లంతా ముందుగదిలో బిగుసుకుని కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి, మడిచిన చీటీ శ్రీరమ్య చేతికిచ్చాను.

"ఇది నీది. చూపించాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేను ఎవరికీ చెప్పలేదు. బాలు కంటే ఎక్కువ, కానీ భయపడాల్సింది కాదు. మందు కలపడం మానేస్తే తగ్గుతుంది."

చదువుకుంది. పొయ్యి పక్కన కాసేపు నిలబడింది. దాన్ని పొయ్యిలో పడేస్తుందనుకున్నాను. నేనైతే పడేసేదాన్నేమో.

ముందుగదిలోకి వెళ్లి, అందరికీ వినపడేట్టు చదివింది. "పది లక్షల్లో, నాది ఐదు పాయింట్ ఎనిమిది. ఆయనది నాలుగు పాయింట్ ఒకటి."

బాపయ్య గారి మొహం చూడలేకపోయాను. వంద గింజలు లెక్కపెట్టి పక్కవాడి కొడుకుని కాదన్న మనిషి, తల వంచుకుని, వెంకటరావమ్మ గారు ఏమంటుందా అని కూర్చున్నాడు. బాలు ఏదో అనబోయాడు. వాళ్లమ్మ చెయ్యెత్తి ఆపింది.

వెంకటరావమ్మ గారు ఆ పిల్లని కింద నుంచి పైదాకా చూసింది. నా వంక ఒకసారి చూసింది, ఇదంతా నీ వల్లే అన్నట్టు. తర్వాత బాపయ్య గారి వైపు తిరిగింది.

"అన్నయ్య గారూ, ముహూర్తం ఇరవై నాలుగునే ఉండనియ్యండి. రోజులు లేవు, గుంటూరులో దర్జీ పది రోజులడుగుతన్నాడు. పిల్ల ఆది జాకెట్టొకటి ఇప్పించండి. నాకు కావలసిన కొలత అదొక్కటే."

బాపయ్య గారు లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను అందరి ముందే ఏడ్చేశాను, సిగ్గు కూడా వెయ్యలేదు. శ్రీరమ్య లోపలికి పరిగెత్తి, పెట్టెలోంచి నీలం జాకెట్టు ఒకటి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.